ఆరిపోయిన చుక్కలు

వెలుగు ఎంత ఎక్కువైతే నిజం అంత స్పష్టమవుతుందని లోకం నమ్మకం. జ్ఞానాన్ని దీపంతో పోల్చడం పండితులకూ పామరులకూ అలవాటే. ఆ దీపమే తాను చూపిస్తున్న వస్తువును తినేయవచ్చునన్న ఆలోచన మాత్రం అరుదు. ఆసుపత్రి రెండో అంతస్తులో, కిటికీ లేని గదిలో పనిచేసే ఒక టెక్నీషియన్‌కు అది రోజువారీ చిరాకు.

ఇంట్లో పిల్లలు ఆమెను చీకటి పిన్ని అంటారు. కణితి నుంచి కోసిన పలచని పొరను ఆమె గాజుపలక మీద పరుస్తుంది. ఒకానొక జన్యువును వెతికి పట్టుకుని దానికి మాత్రమే అంటుకునే రంగును దాని మీద వేస్తుంది. సూక్ష్మదర్శిని కింద ప్రత్యేకమైన కాంతి పడగానే ఆ రంగు ఎర్రటి చుక్కలై మెరుస్తుంది. చుక్కలు గుంపులుగా ఉంటే, ఆ జన్యువుకే గురిపెట్టిన మందు పనిచేస్తుందని ఆశ. లేకపోతే ఆ మందు గుండెకు బరువే తప్ప కణితికి చేటు కాదు. అంటే ఇక్కడ మెరుపే శుభవార్త. చిక్కల్లా ఏమిటంటే, చూస్తున్నకొద్దీ ఆ కాంతికే రంగు వెలిసిపోతుంది. అందుకే ఇద్దరు విడివిడిగా, త్వరగా లెక్కపెట్టి దీపం ఆర్పేస్తారు.

ఈసారి గాజుపలక మీదకు వచ్చింది ఆమె వదిన, అంటే భర్తకు అక్కగారు. సూదితో తీసిన ముక్క ఇతర పరీక్షలకే దాదాపు అయిపోయింది. మిగిలిన చివరి పొరలో పనికొచ్చే కణాలు ఒక్క మూలనే ఉన్నాయి. ఆమె లెక్కపెట్టింది. మందు ఇవ్వడానికి పెట్టుకున్న హద్దుగీతకు కాస్త పైన తేలింది: మందు పనిచేయవచ్చు. ఇక డాక్టరుగారు వచ్చి రెండో లెక్క పెట్టాలి. ఆయన కంటే ముందు వదిన భర్త వచ్చారు.

"చెల్లెమ్మా, ఒక్కసారి చూపించమ్మా. మా ఆవిడ లోపల ఏముందో ఇన్నేళ్లుగా నాకు అంతుపట్టలేదు. ఇప్పుడైనా చూడనీ."

"ఇది చూసేది కాదండీ అన్నయ్యగారూ."

"ఏం, చూస్తే అరిగిపోతుందా?"

అరిగిపోతుంది. కానీ కుర్చీ లాక్కుని కూర్చున్న పెద్దమనిషిని లేపడమెలాగో ఏ శిక్షణలోనూ నేర్పరు. మొహమాటం కొంపలు ముంచుతుందని తెలిసీ, "ఒక్క నిమిషమేనండీ" అంది. సరిగ్గా అప్పుడే పక్కగదిలో యంత్రం కూత పెట్టింది. దాన్ని సర్ది వచ్చేసరికి ఆయన ఇంకా కన్ను తీయలేదు.

"తగ్గిపోతోందమ్మా! నా కళ్లెదుటే ఒక్కో చుక్కా మాయమైంది!"

ఆమె వంగి చూసింది. ఆ మూల అంతా నలుపు. నోరు తెరిచేలోగా ఆయన ఫోను చెవిన పెట్టుకుని వరండాలో ఉన్నారు. రోగం తగ్గిపోతోందన్న మాట సాయంత్రానికి చుట్టాలందరికీ పాకింది. వదినకు తల్లి, తనకు అత్తగారు అయిన పెద్దావిడ "అంతా మా కోడలి చేతి చలవ" అంది. కొన్ని మెప్పులు తిట్లకంటే గట్టిగా తగులుతాయి.

డాక్టరుగారు విషయం విని నిట్టూర్చారు. "మీ లెక్క ఉందిగా. పక్కన నేనూ సంతకం పెడతాను. మీ ఇంటి మనిషే కదా."

"చూడకుండానా సార్?"

"చూడ్డానికి ఏం మిగిల్చారు గనక?"

దాన్ని దయ అనడానికి మనసొప్పదు. హద్దుగీతకు అటూ ఇటూ ఊగిన చుక్కలను తాను కళ్లతో లెక్కపెట్టిందో, వదిన ముఖం తలుచుకుంటూ లెక్కపెట్టిందో ఆమెకే తెలియదు. రెండో మనిషి ఉండేది ఆ సంగతి తేల్చడానికే.

ఇక మిగిలిన దారి మరో సూది. ఆ రాత్రే వదిన ఇంటికి వెళ్లింది.

"తగ్గిపోతోందటగా అమ్మాయ్! మళ్లీ సూదెందుకు? మొదటి పోటుకే ప్రాణాలు పోయాయి నాకు."

"తగ్గలేదు వదినా. ఆరిపోయింది మీ రోగం కాదు, నేను వేసిన రంగు."

"మరి ఈయన చూశానంటారే?"

"చూడబట్టే ఆరిపోయింది."

"అంటే తప్పు నాదా? అడక్కుండా చూశానా?" అని లేచారాయన.

"కాదండీ. కూర్చోబెట్టింది నేను."

వదిన మొగుడి వంక తీరిగ్గా చూసింది. "మీరు ముట్టుకుంటే రేడియో పోయింది, మిక్సీ పోయింది. చివరికి నా క్యాన్సర్ని కూడా చెడగొట్టుకొచ్చారు!" ఆ తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "నీ లెక్కలో ఏమొచ్చింది?"

"మందు పనిచేయవచ్చనే వచ్చింది."

"అదే రాసెయ్యకూడదూ?"

"రాసెయ్యాలనే ఉంది వదినా. అందుకే రాయను."

 వదిన విసుగ్గానే సూదికి ఒప్పుకుంది.

మర్నాడు ఆమె నివేదికలో "తేల్చలేకపోయాం, కొత్త ముక్క కావాలి" అని రాసింది. రంగు వెలిసిపోవడానికి కారణం తన పొరపాటేనని కింద చేర్చింది. డాక్టరుగారు ముఖం చిట్లించినా దిద్దలేదు. కొత్త ముక్క వచ్చాక దాన్ని ఆమె ముట్టుకోలేదు. వదిన ఎవరో ఎరగని ఇద్దరు లెక్కపెట్టేలా వేరే ఆసుపత్రికి పంపించింది. వాళ్ల లెక్క ఏది చెబితే దానికే కట్టుబడదామని వదినతో చెప్పింది.