చిన్న బండిలో అమ్మతో కుట్రాలానికి

ఆ ఏడు తమిళనాడులో కోవిల్‌పట్టి పక్కన మా నల్లరేగడి చేలో పత్తి మోకాలెత్తు రాకుండానే ఎండిపోయింది. అప్పట్నించీ అమ్మకు ఇంట్లో కాలు నిలిచేది కాదు. పొద్దునా సాయంత్రమూ చేను చుట్టి వచ్చేది, మబ్బు కోసం చూసేది. తిండి కూడా తగ్గించేసింది. విరుదునగరంలో ఉండే చిన్నమ్మ ఇది చూడలేక, కుట్రాలంలో జలపాతాలు పొంగుతున్నాయి, ఒక్కరోజు పోయివద్దామని పట్టుబట్టింది. పన్నెండో తరగతి రాసి ఖాళీగా ఉన్న నేనూ బయల్దేరాను.

విరుదునగరంలో పెద్ద రైలుబండి దిగి చిన్నమ్మను కలుసుకుని, తెల్లదొరల కాలంలో వేసిన ఇరుకు పట్టాల మీద నడిచే చిన్న బండి, తెన్‌కాశి ప్యాసింజరు ఎక్కాం. అది ఊరూరా ఆగేది. ఎదురుబండి కోసం ఒక స్టేషన్లో చాలాసేపు నిలబడిపోతే, అమ్మ సీటుకీ తలుపుకీ మధ్య తిరుగుతూనే ఉంది. ఎక్కిన ప్రతివాళ్ళనీ తమిళంలో ఒకటే అడిగేది, మీ ఊళ్ళో వాన పడిందా అని. నాకు సిగ్గేసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

కడయనల్లూరు దగ్గర కొండలు, పచ్చటి వరి మళ్ళు కనబడ్డాయి. అమ్మ తలుపు దగ్గర నిలబడి వాటినే చూసింది.

తెన్‌కాశిలో దిగి కుట్రాలం చేరాక, జలపాతం దగ్గర చిన్నమ్మ తలకు నూనె రాసుకుని ఆడవాళ్ళు స్నానం చేసే వైపు పరుగెత్తింది. అమ్మ గట్టున ఇనప కమ్మీ పట్టుకుని కదల్లేదు.

"రాక్కా! ఏమిటికి నిలబడినావు?"

"ఇన్ని నీళ్ళు బండమీద పడి ఊరికే పోతా ఉండాయే" అంది అమ్మ. "మన చేనికి ఒక్కరోజు వచ్చుంటే ఏమి?"

అంటూనే ఏడ్చేసింది. పైరు పీకేసిన రోజున కూడా ఏడవని మనిషి.

చిన్నమ్మ తడిచీరతో వెనక్కి వచ్చి చెయ్యి పట్టుకుంది. "చేను యాడికీ పోదు. ముందు నీ తల చల్లబడనీ."

ముందు నుంచి ఆమె లాగింది, వెనక నుంచి నేను నెట్టాను. నీళ్ళు దబదబా నెత్తిన పడగానే అమ్మ కేక పెట్టి పారిపోబోయింది. తర్వాత మేం పిలిచినా బయటికి రాలేదు. చివరికి వణుకుతూ వచ్చి, "ఆకలేస్తా ఉండాదే" అంది. ఇడ్లీలు ఆబగా తింది.

రాత్రికి ఉండిపోదామని చిన్నమ్మ ఎంత చెప్పినా వినలేదు. "వద్దే, మన ఊళ్ళో మోడం పట్టి వాన పడతాదేమో" అని సాయంత్రం బండికే లేవదీసింది.

ఊళ్ళో చినుకు లేదు. అయినా మర్నాడే దుక్కికి మనిషిని పిలిపించింది. దీపావళి వచ్చే అయిప్పశి నెలలో ఆలస్యంగా వాన వస్తే సజ్జలు చల్లాం, పండినవి తినడానికి సరిపోయాయి.

కొన్నేళ్ళకు పట్టాలు వెడల్పు చేస్తారని ఆ బండి ఆపేశారు. ఈలోగా మళ్ళీ కుట్రాలం పోదామని ఎన్నిసార్లు అడిగినా అమ్మ జవాబు ఒకటే: "చేను విడిచి ఎట్లా వచ్చేది?"