చచ్చిన సుడులకు ఎర్ర దారం

అమీర్‌పేటలో గోడగోడా జావా నేర్పిస్తానంటున్న 2006లో, పంజాగుట్ట దగ్గరి ఓ కాలేజీ ప్రయోగశాలలో శివరాములు మాత్రం నీళ్లు చూస్తూ కూర్చునేవాడు. పది మీటర్ల సన్నటి గాజు గొట్టం. అందులో నీళ్లు ఎప్పుడూ ఒకే వేగంతో, బుద్ధిగా పోతుంటాయి. గొట్టం మొదట్లో సూదితో కాస్త నీరు చిమ్మితే సుడి పుట్టి, ప్రవాహంతో సాగుతుంది. కొన్ని సుడులు చివరిదాకా చేరతాయి, కొన్ని చెప్పాపెట్టకుండా దారిలోనే మాయమవుతాయి. ఏది ఎక్కడ మాయమవుతుందన్నదే అక్కడ పరిశోధన చేస్తున్న రాగసుధ పీహెచ్‌డీ అంశం.

చూసి రిజిస్టర్లో రాయడం శివరాములు పని. సిరిసిల్లలో మగ్గం మూలపడ్డాక దొరికిన ఉద్యోగం. పైగా రాగసుధ మేడమ్ తనను ‘గారూ’ అంటుంది. అందుకే ప్రాణం పెట్టి చేశాడు. అక్కడే కొంప మునిగింది.

సోమవారం ఆ గదిలోకి కంప్యూటర్లు వస్తాయనగా, శుక్రవారం రాగసుధ రిజిస్టర్ తిరగేసింది.

“ఇదేంటి శివరాములు గారూ, ఆరు వందల సుడుల్లో ఒక్కటీ చావలేదా?”

“మస్తు సచ్చినయి మేడమ్. ఖరాబైనయి గదా, బుక్కుల ఎందుకని రాయలె.”

“నాకు కావలసింది అవేనండీ! మళ్లీ చేద్దామంటే గది లేదు, మూడేళ్ల చదువు...” ఆమె రిజిస్టర్ మూసేసింది. తిట్టినా బాగుండేదనుకున్నాడు పాపం శివరాములు.

మెల్లగా అన్నాడు: “జర గొట్టం కింద చూడుండ్రి మేడమ్.”

గొట్టం పొడవునా కింద పురికొస కట్టి ఉంది. దాని నిండా ఎర్ర దారాలు. మగ్గాల దగ్గర చెడిన బట్టను లెక్కలో చేర్చరు, ఎక్కడ చెడిందో తెలిసేలా అంచున ఎర్ర పోగు మాత్రం కడతారు. చేతికి అలవాటైన పని, సుడి చచ్చిన ప్రతిచోటా కట్టేశాడు.

ఇద్దరూ నేల మీద కూర్చుని, టేపు పెట్టి సాయంత్రందాకా లెక్కించారు. మొదటి మీటరులోనైనా, ఆఖరి మీటరులోనైనా, అక్కడిదాకా వచ్చిన ప్రతి ఇరవై సుడుల్లో ఇంచుమించు ఒకటి పోయింది.

“చూశారా? ఎంత దూరం నడిచినా వాటికి అలుపు లేదండీ. ఇప్పుడే పుట్టినదానికీ, ముసలిదానికీ గండం ఒకటే!” రాగసుధ నవ్వుతూ కళ్లు తుడుచుకుంది. “రిజిస్టర్లో మీ చేత్తోనే రాయండి.”

శివరాములు కలం పట్టాడు. ముప్పై ఏళ్ల నేతపనిలో చెడినదాన్ని పక్కన పడేయమన్నవాళ్లే గానీ, అడిగి రాయించుకున్నవాళ్లు లేరు. రాశాడు: ‘సచ్చినవి, నాలుగు వందల రెండు.’