జపాన్ తల్లికి మా అత్తమ్మ గొంతు

మా అత్తమ్మ పోయింది. ముసురు పట్టి ఊరంతా తడిసి ఉన్న రోజుల్లో, మంచిర్యాల దవాఖానలో. పొద్దున్నే మా ఆయన ఫోన్ చేసి "అవ్వ పోయింది" అన్నాడు. ఫోన్ పట్టుకుని వెనక్కి తిరిగితే, మా బిడ్డ చిట్టి టీవీ ముందు కూర్చుని ఉంది. పక్కన బాపమ్మ కూర్చునే పీట కూడా వేసి పెట్టింది. తండ్రి తల్లిని మా దగ్గర బాపమ్మ అంటారు.

మీలో ఎవరికీ ఆమె తెలిసి ఉండదు. నస్పూర్‌లో బొగ్గు గని క్వార్టర్లలో మా వరస దాటితే ఆమెను గుర్తుపట్టేవాళ్ళు లేరు. ఆమె చేసిన ఘనకార్యమల్లా ఒక్కటే. ఒక జపాను బొమ్మల సినిమాకు తెలుగు మాటలు చెప్పింది. అదీ ఒక్క పిల్ల కోసం, ఇంట్లో కూర్చుని, పుంటికూర, అదే గోంగూర, తెంపుకుంటూ చెప్పింది.

ఆ పిల్ల మా చిట్టి. దాని ఈడు పిల్లలు పాటలు పాడి బంధువుల ప్రాణాలు తీసే వయసులో కూడా దానికి ఒక్క మాట రాలేదు. పిలిస్తే చూసేది కాదు. గని సైరన్ మోగితే చెవులు మూసుకుని మంచం కిందికి దూరేది. వాన వస్తే మాత్రం ఎవరు పట్టుకున్నా ఆగేది కాదు, చేతులు చాపి వాకిట్లో గుండ్రంగా తిరిగేది. కరీంనగర్‌లో డాక్టరమ్మ ఓపికగా చూసింది. ఈ పిల్ల దారి వేరని, మాట ఎప్పుడొస్తుందో ఎట్లా వస్తుందో చెప్పలేమని, ఇంట్లో మాట్లాడుతూనే ఉండమని చెప్పింది. తిరుగు బస్సులో గోదావరి వంతెన వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను. అత్తమ్మ కిటికీలోంచి నీళ్ళు చూస్తూ కూర్చుంది. వంతెన దాటాక, "ఏడ్సుడు అయిపోతే గా సంచి ఇటియ్యి. పిల్లకు ఆకలైతుంది" అంది.

నాకు అప్పుడు ఒళ్ళు మండింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే కడుపు నిండినట్టు ఉంటుంది.

సినిమా మా తమ్ముడు తెచ్చాడు. నిర్మల్ నుంచి వస్తూ పిల్లకని ఒక కొయ్య చిలుకను, ఒక పెన్‌డ్రైవ్ నిండా బొమ్మల సినిమాలను పట్టుకొచ్చాడు. అన్నిట్లో చిట్టికి నచ్చింది ఒక్కటే. సముద్రం పక్కన కొండ మీద ఒక ఇల్లు. అందులో ఒక తల్లి, ఆమెకు ఇద్దరు పిల్లలు. వాన పడితే ఆ పిల్లల ఒంటి మీద ఈకలు మొలుస్తాయి, కొంగలవుతారు. ఎండ కాస్తే మళ్ళీ మామూలు పిల్లలే. తల్లి ఊళ్ళో వాళ్ళకు తెలియకుండా వాళ్ళను పెంచుతుంది. కింద అక్షరాలేమీ పడవు, అంతా జపాను మాటే.

"ఏందే గిది, కొట్లాడుకుంటున్నట్టున్నది" అని అత్తమ్మ రిమోట్ అందుకుని సౌండు బంద్ చేసింది. తెర మీద తల్లి తడిసిన పిల్లల ఈకలు తువ్వాలతో తుడుస్తోంది. అత్తమ్మ చేతులు పుంటికూర తెంపడం ఆపలేదు, చూపు తెర మీదనే ఉంది. తల్లి పెదవులు కదిలినప్పుడు ఈమె అంది, "ఓ బిడ్డా, తల తుడుసుకో. జలుబు చేస్తది."

చిట్టి తల తిప్పి బాపమ్మ నోటి వంక చూసింది. తెర వంక చూసింది. మళ్ళీ నోటి వంక చూసింది. అది అట్లా ఒక మనిషి మొహంలోకి చూడడం నేను అంతకు ముందు ఎరగను.

ఆ రోజు నుంచి మా ఇంట్లో జపాన్ తల్లి మా యాసలో మాట్లాడింది. ఆ సినిమాలో తండ్రి ఎక్కడా కనబడడు. పిల్లలు కిటికీ దగ్గర నిలబడి సముద్రం వైపు చూసే చోట అత్తమ్మకు ఏ సందేహమూ కలగలేదు. "మీ బాపు సెకండ్ షిఫ్టుకు పోయిండు. అన్నం తిని పండుకోండ్రి" అనేది. మంచు కురిసే చోట "పత్తి రాలుతుంది, ఏరుకుందాం పదండ్రి" అనేది. ఆమె పుట్టింది జమ్మికుంట దగ్గర, చిన్నతనమంతా పత్తి చేన్లలోనే గడిచింది. మంచు అని నేను సరిదిద్దబోతే, "నువ్వు సూసినవా మంచును? నేను సూడలే. మరి పత్తి అంటే ఏంబోయింది?" అని నా నోరు మూయించింది. వాన చప్పుడు కూడా ఆమెదే. చాటలో పిడికెడు బియ్యం వేసి మెల్లగా అటూ ఇటూ వంచేది. కళ్ళు మూసుకుని వింటే మా రేకుల మీద పడే చినుకే. ఆ చప్పుడు వింటూ ఎన్నో మధ్యాహ్నాలు నేను గోడకు ఆనుకుని నిద్రపోయాను. నిద్రలో కొండ మీది ఇల్లు, మా క్వార్టరు ఒక్కటయ్యేవి. సముద్రం మీంచి బొగ్గు లారీలు వచ్చేవి.

చిట్టికి మాట వచ్చింది. అయితే డాక్టరమ్మ చెప్పినట్టే, తన దారిలో వచ్చింది. సొంతంగా ఒక్క మాట కూర్చేది కాదు, సినిమాలో బాపమ్మ చెప్పిన మాటలనే ఉన్నదున్నట్టు తెచ్చి వాడేది. స్నానం కావాలంటే "తల తుడుసుకో, జలుబు చేస్తది." ఆకలైతే "నా కొంగలకు బుక్కెడు బువ్వ." వాళ్ళ నాయన ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నా "మీ బాపు సెకండ్ షిఫ్టుకు పోయిండు." ఆయన నవ్వి, "అవు బిడ్డా, పోయిన" అనేవాడు.

ఒకసారి నల్లా దగ్గర పక్కింటామె, అత్తమ్మ చిట్టి గొప్పలు చెప్తుంటే వినలేక, "కాకిపిల్ల కాకికి ముద్దు" అంది. అత్తమ్మకు కోపం రాలేదు. "గిది కాకి గాదు, కొంగ. కాళ్లు సూడు ఎంత పొడుగున్నయో. నీ బిందె నిండింది, జర జరుగు" అంది. నేను ఇంట్లోకి పోయి నవ్వీ నవ్వీ కూలబడ్డాను. ఆ పిల్లను గురించి నేను నవ్వగలనని నాకే తెలియదు.

సినిమా చివర్లో మాత్రం ఆమె ఉండేది కాదు. ఒక రోజు పెద్ద వాన పడుతుంది. పెద్దపిల్లకు ఈకలు మొలుస్తాయి. వలస పోయే కొంగల వెంట అది లేచిపోతుంది, ఇక మనిషి కాదు. తల్లి కొండ కొసన నిలబడి ఏదో ఒక్క చిన్న మాట అరుస్తుంది. ఆ చోటు వచ్చేసరికి అత్తమ్మ, "పొయ్యి మీద పాలు పొంగుతున్నయి" అని లేచి వంటింట్లోకి వెళ్ళేది. పొయ్యి మీద పాలుండేవి కావు. నేల మీద చాట, తెర మీద తల్లి నోరు తెరిచి, చప్పుడు లేకుండా.

నేను అడిగాను, "ఆఖరుకు ఆమె ఏమంటుందత్తమ్మా?"

"పో అంటదా తల్లి? అనది. రా అంటే పిల్ల ఆగిపోతది. పోయి రా అందామంటే, అది రాదని ఎరికేనాయె. పిల్లతోని అబద్ధం ఎట్ల చెప్పుడు?"

గని ఇళ్ళలో పెరిగిన వాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మా దగ్గర షిఫ్టుకు బయలుదేరే మనిషి 'పోతున్న' అనడు. 'పోయొస్త' అంటాడు. ఇంట్లో వాళ్ళు 'పోయి రా' అంటారు. అత్తమ్మ వయసులో ఉన్నప్పుడు ఒకసారి మామయ్య కూర బాగాలేదని అలిగి, "పోతున్న" అని విసురుగా వెళ్ళాడట. ఏమీ కాలేదు. మామూలుగానే దిగి వచ్చాడు, ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికాడు. "అయితేంది, గా షిఫ్టు దిగేదాక నా పానం పానంల లేదు. గని గేటు కాడ్నే నిలబడ్డ. మాట అంటే గంత బరువుంటది బిడ్డా" అంది. వట్టిమాటలు చెప్పే మనిషి కాదు కాబట్టే, కొంగపిల్లకు చెప్పే మాట ఆమెకు దొరకలేదు.

ఆ ముసురులో జ్వరం పట్టి, అది ఎక్కువై దవాఖానకు ఆటో ఎక్కేటప్పుడు, ఇంటి గేటు పట్టుకుని నిలబడ్డ చిట్టితో ఆమె అంది, "పోయొస్త బిడ్డా." తెలిసి అన్నదో, తెలియక అన్నదో. ఇప్పుడు ఎవరిని అడగాలి.

ఇంటికి తెచ్చి వాకిట్లో పడుకోబెట్టినప్పుడు చిట్టి పక్కన కూర్చుంది. సినిమాలో పొద్దున పూట మాట తీసి చెప్పింది. "లే బిడ్డా, పొద్దు పొడిసింది. ఈకలు దులుపుకో." చుట్టూ ఆడవాళ్ళు ఘొల్లుమన్నారు. పక్కింటామె అందరికన్నా గట్టిగా ఏడ్చింది. నేను చిట్టిని ఒళ్ళోకి లాక్కుని "బాపమ్మ పోయింది" అన్నాను. అది నా మొహం చూసి, "సెకండ్ షిఫ్టుకు పోయిండు. అన్నం తిని పండుకోండ్రి" అంది.

పోయింది అన్న మాటకు మనకు రెండర్థాలు. దానికి ఒక్కటే తెలుసు.

దినాలు అయిపోయాయి. సైరన్ మోగితే మంచం కింద దాక్కునే పిల్ల, చెవులు మూసుకోకుండా ఇంటి గేటు దగ్గరికి పరుగెత్తడం మొదలుపెట్టింది. షిఫ్టు దిగి వచ్చే వాళ్ళ మొహాలన్నీ చూసేది. అందరూ వెళ్ళిపోయాక తిరిగి వచ్చి పీట పక్కన కూర్చునేది. ఎట్లా చెప్పాలి దానికి? దాని దగ్గరున్న మాటలన్నీ ఆ సినిమాలోవి. ఆ సినిమాలో చావు లేదు. ఉన్న ఒక్క వీడ్కోలు దగ్గర చెప్పాల్సిన మనిషి లేచి పాలకు పోయేది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మళ్ళీ ముసురు పట్టింది. మా ఆయన షిఫ్టులో ఉన్నాడు. చిట్టి సినిమా పెట్టి, సౌండు బంద్ చేసి, నా వంక చూసింది. నేను గొంతు సవరించుకుని "ఓ బిడ్డా, తల తుడుసుకో" అన్నాను. అది నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టింది. లేచిపోయి వంటింట్లోంచి చాట తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. నా మాట వద్దు, వాన మాత్రం కావాలి. బియ్యం వేసి మెల్లగా వంచడం మొదలుపెట్టాను. మాటలన్నీ అదే చెప్పుకుంది, బాపమ్మ గొంతులో, బాపమ్మ ఆగిన చోటల్లా ఆగుతూ. పత్తి రాలింది. బాపు సెకండ్ షిఫ్టుకు పోయాడు. బయట వాన, చాటలో వాన, తెర మీద చప్పుడు లేని వాన. ఎవరి ఇంట్లో కూర్చున్నానో నాకు కాసేపు తెలియలేదు.

చివరి చోటు వచ్చింది. కొంగ లేచింది. తల్లి కొండ కొసకు పరుగెత్తి నోరు తెరిచింది.

చిట్టి కొయ్య చిలుకను రెండు చేతులతో తెర ముందుకు ఎత్తి పట్టుకుంది.

"పోయి రా బాపమ్మా" అంది.

ఎన్నడూ ఒక మాట తీసి ఇంకో మాట పెట్టని పిల్ల. ఆ చోట అనాల్సిన మాటను ఎవరూ దానికి నేర్పలేదు. నేను ఏడవడానికి కూడా భయపడ్డాను, ఏడిస్తే చాటలో వాన తప్పుతుందని.

అది చిలుకను పీట మీద పెట్టి లేచింది. "పొయ్యి మీద పాలు పొంగుతున్నయి" అని వంటింట్లోకి వెళ్ళింది. తెర మీద జపాను అక్షరాలు పైకి పోతున్నాయి. ఆపమని ఎవరూ చెప్పలేదు కనుక, నేను చాట వంచుతూనే కూర్చున్నాను.