ముందు చక్రానికి భారం

మా కొండల్లో ట్రాలీ ఆటో వస్తోందంటే ముందు దాని దగ్గు వినిపిస్తుంది. రెండు మలుపుల అవతల ఎవరో ముసలాయన గొంతు సవరించుకుంటున్నట్టు ఉంటుంది. చాలాసేపటికి గాని బండి కనిపించదు. ముందు ఒక చక్రం, వెనక రెండు, వాటి మీద మంచమంత తొట్టె. జి.మాడుగుల సంతకు పనసకాయలు, అల్లం బస్తాలు, మేకలు వెళ్లేది అందులోనే. పెళ్లికి సౌండు బాక్సులూ, వాటి మీద కూర్చుని చుట్టాలూ వెళ్లేది అందులోనే. సామాను బండిలో మనుషులు ఎక్కకూడదని అందరికీ తెలుసు. పోలీసులు కనిపిస్తే దిగి నడుస్తాం, వాళ్లు దాటాక ఎక్కుతాం. ఈ ఒక్క విషయంలో మా చర్చి సంఘంలో ఎవరి సాక్ష్యమూ, అంటే నలుగురికీ కనిపించే నడవడి, అంత గొప్పది కాదు. నాదీ కాదు.

నాకు ఆ బండంటే ఇష్టం. బస్సు ఆగిపోయిన చోట అది మొదలవుతుంది. రెండిళ్ల మధ్య సందులో దూరి, ఆరబోసిన కాఫీ గింజల అంచున గిర్రున తిరిగి, కోళ్లు బెదిరి లేచేలోపు మళ్లీ బయటికి వచ్చేస్తుంది.

చిక్కంతా ఆ మూడో చక్రంతోనే. జీపులు తిరిగిన మట్టి దారిలో రెండు గాడులు పడి, మధ్యలో గడ్డి మొలిచిన దిమ్మ మిగులుతుంది. జీపుకు ఆ గాడులే రోడ్డు. ట్రాలీ ఆటోకు వెనక చక్రాలు గాడుల్లో ఉంటే ముందు చక్రం దిమ్మ మీద ఎగురుతూ ఉంటుంది. నిటారుగా పైకి పోయే ఎక్కుడులో అయితే వెనక బరువుకు ముందు చక్రం ఏకంగా గాల్లోకి లేస్తుంది. అప్పుడు డ్రైవరు హ్యాండిల్ ఎటు తిప్పినా బండి దాని ఇష్టం వచ్చినట్టు పోతుంది. అందుకని డ్రైవరు పక్కన ఒక లావుపాటి మనిషిని కూర్చోబెడతారు. వెనక ఇంకొకరు రాయి పట్టుకుని నడుస్తారు, బండి ఆగినచోట చక్రం కింద పెట్టడానికి.

ఆ లావుపాటి మనిషి దగ్గరే పోయినేడు మాకో పొరపాటు జరిగింది.

మా అమ్మ పుట్టిన ఊరు మా ఊరికి పైన, కొండ భుజం మీద ఉంటుంది. పదిహేను గడపలు. మాట్లాడేది కువి భాష. ఆ ఊళ్లో మా మేనమామ భార్య ఒక్కతే విశ్వాసి. అత్త చాలా కాలంగా తన వాకిట్లో ఒక ప్రార్థన కూడిక పెట్టించాలని అడుగుతోంది. చివరికి ఒక శనివారం ఖాయమైంది. అత్త ఊరందరినీ భోజనానికి పిలిచింది. ఎదురింటాయన మాత్రం, "మీ దేవుడి మనుషులు ఈ ఎక్కుడు ఎక్కుతారా? మధ్యాహ్నం దాకా చూసి మా పోడుకు మేం పోతాం" అని అందరి ముందూ నవ్వాడట. మేం వేళకు వెళ్లకపోతే అత్త ఆ ఊళ్లో తలెత్తుకోలేదు.

మా పాస్టరు అయ్యగారిది సాలూరు. ఆయనకు కువి రాదు. ఆయన వాక్యం చెబితే దాన్ని కువిలోకి మార్చి చెప్పాల్సింది నేను. ఆ పనికి మా సంఘంలో నేను తప్ప ఎవరూ లేరని నా నమ్మకం. ఆ నమ్మకంతో మూడు వారాలు ఉపవాసం కూడా ఉన్నాను.

ముందు ఆదివారం అయ్యగారు ఆరాధన చివర్లో ప్రకటన చేశారు. "పై ఊరి మీద భారం ఉన్నవారు శనివారం ఉదయం ఆటో దగ్గరకు రండి."

సంఘంలో పెరిగిన వాళ్లకు ఆ మాట కొత్త కాదు. ఒక ఊరి ఆత్మల కోసం గుండెలో మోసే దిగులును మేం భారం అంటాం. కానీ ఆటో నడిపే మా బావకు గుడి భాష తెలియదు. వరసకు బావ, కొండదేవతకు మొక్కే మనిషి. ఆ రోజు బయట బండిలో కూర్చుని ఆ ప్రకటన విన్నాడు. అయ్యగారికి ముందు చక్రం సంగతి ఇన్నాళ్లకు తెలిసిందని సంతోషపడ్డాడు. వెంటనే వెళ్లి, సంతల్లో ఎండుచేపలు అమ్మే మా వదినను తనే పిలిచాడు. వదిన మా సంఘంలో అందరికంటే భారీ మనిషి. ప్రసంగం మొదలైతే ఆమెకు నిద్ర కూడా మొదలవుతుంది.

శనివారం నేను వెళ్లేసరికి వదిన డ్రైవరు పక్కన సర్దుకుని కూర్చుని ఉంది. తొట్టెలో బియ్యం, డేగిశాలు, మైకు, అయ్యగారు, ఇంకో నలుగురు.

"వదినా, నువ్వేటి ఇక్కడ?" అన్నాను.

"బారం ఉన్నోలు రావాలని అయ్యగారే సెప్పేరట. నాకన్నా బారం ఎవులికుంది?"

అయ్యగారు దగ్గి కొండ వైపు తిరిగారు. బావ నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"మరదలా, నీలాటోలు నలుగురు కూకున్నా సక్రం కిందకి దిగదు. ఎనకెక్కు."

మొదటి ఎక్కుడు బాగానే ఎక్కాం. రెండోదాని సగంలో ముందు చక్రం లేచింది. వదిన అక్కడ ఉండబట్టి జానెడే లేచింది. బావ బ్రేకు తొక్కాడు, ఒకరు దిగి రాయి పెట్టారు.

"ఎనక తేలిక సెయ్యాల. ఇద్దరు దిగండి" అన్నాడు బావ నా వైపు చూస్తూ.

"అయ్యగారి మాట అక్కడ ఎవరు చెబుతారు? నేను దిగితే ఎలా?" అన్నాను.

"మాట పైకెళ్లాలంటే ముందు బండి పైకెళ్లాల. బేగి దిగెహె."

"నన్నేటి అలా సూత్తావు?" అంది వదిన నాతో. "దిగమంటే దిగుతాను. బండి ఎగిరి లోయలో పడితే నన్ననకు."

ఎండ అప్పటికే నడినెత్తికి వస్తోంది. పైన అత్త గడపలో నిలబడి దారి చూస్తూ ఉంటుంది. ఎదురింటాయన నవ్వుతూ ఉంటాడు. నేను దిగాను. నాతో పాటు ఇంకొకావిడ దిగింది. రాయి మోస్తూ బండి వెనకే నడిచాం. ఎక్కుడు దాటి చదును రాగానే బావ ఆలస్యమైందని మా కోసం ఆగకుండా వేగం అందుకున్నాడు. బండి దగ్గు కాసేపు వినిపించి, సన్నబడి, వినపడకుండా పోయింది. దారి పొడుగునా నేను మనసులో బావతో పోట్లాడాను, వదినతో పోట్లాడాను, కొంతసేపు ప్రభువుతో కూడా.

ఊరి మొగలో అడుగు పెట్టేసరికి నవ్వులు వినిపించాయి. అత్త వాకిలి నిండా మనుషులు. అయ్యగారు ఒక్కో ముక్క చెబుతున్నారు. ఆయన పక్కన వదిన నిలబడి, చేతులు తిప్పుతూ, గడగడా కువిలో చెబుతోంది. ఇరవయ్యేళ్లు కొండ సంతల్లో చేపలు అమ్మిన మనిషికి ఆ భాష రాదని నేనెలా అనుకున్నానో!

అయ్యగారు చెబుతున్నది తప్పిపోయిన గొర్రె కథ. వదిన నోట అది మేక అయిపోయింది. నాకు పైప్రాణాలు పైనే పోయాయి. లేఖనాల్లో తీర్పు రోజున గొర్రెలు నిలబడేది దీవెన దొరికే కుడివైపు, మేకలు నిలబడేది శిక్ష పడే ఎడమవైపు. ఏళ్ల తరబడి సండే స్కూల్లో పిల్లలకు నేను నేర్పేది అదే. ఆపుదామని నోరు తెరిచాను. ఆయాసానికి మాట రాలేదు. వదిన ఆ మేకను ముళ్లపొదలో ఇరికించింది, వాన కురిపించింది, కాపరి కాలికి జలగలు పట్టించింది. ఎదురింటాయన అరుగు దిగి ముందుకు వచ్చి కూర్చున్నాడు.

"ఇంతకీ దొరికిందా?" అని కువిలో అడిగాడు.

"భుజాల మీద ఏసుకుని తెచ్చాడు" అంది వదిన. ఆయన హమ్మయ్య అన్నట్టు తలాడించాడు. అత్త కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నా చేతికి నీళ్లచెంబు ఇచ్చింది.

భోజనాల దగ్గర వదినను పట్టుకున్నాను. "గొర్రెను మేక చేశావేమిటి?"

"ఈ ఊర్లో గొర్రె ఎవులికుంది? తప్పిపోతే ఏడిసేది మేక కోసమే గదేటి" అని ఇంకాస్త అన్నం పెట్టించుకుంది.

వెళ్లబోతుంటే ఎదురింటాయన అయ్యగారి దగ్గరకు వచ్చి కువిలో ఏదో చెప్పాడు. వదిన అప్పటికే బండిలో ముందు సీటు ఎక్కేసింది. అయ్యగారు నా వైపు తిరిగి, "ఏమంటున్నారమ్మా?" అని అడిగారు.

"ఈసారి వాళ్ల వాకిట్లో కూడిక పెట్టమంటున్నాడండి."

"దేవునికి స్తోత్రం! ఇంకా ఏదో అన్నారే?"

ఆ రెండో ముక్క విన్నది నేను ఒక్కదాన్నే. కావాలంటే వదిలేయొచ్చు.

"మాట చెప్పడానికి ఆ ఎండుచేపలావిడనే తీసుకురమ్మంటున్నాడండి" అన్నాను.