ఎస్తేరు తెచ్చిన తీర్మానం

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి ఏడాది జూన్‌లో నన్ను చొప్పదండి దగ్గరి ఒక మండలానికి గణాంక అధికారిగా వేశారు. హోదా పేరు పెద్దదే గానీ, తహసీల్దార్ ఆఫీసులో ఒక మూల గది, ఒక బీరువా, ఆవరణలో ఒక వర్షమాపకం, అంతే నా రాజ్యం. పొద్దున ఎనిమిదిన్నరకు మాపకంలోని నీటిని గాజు కొలపాత్రలో పోసి, మిల్లీమీటర్లు చూసి, రిజిస్టరులో రాసి జిల్లాకు పంపాలి. రెండున్నర మిల్లీమీటర్లకు తగ్గితే దాన్ని వాన రోజుగా లెక్కించం.

కుటుంబం కరీంనగర్‌లో, నేను అద్దె గదిలో. సాయంత్రాలు తోచక ఆఫీసులోనే కూర్చుని పాత రిజిస్టర్లు తిరగేసేవాణ్ణి. ఏడాది మొత్తం వానలో పెద్ద తేడా లేదు. వాన రోజులు మాత్రం తగ్గుతూ వచ్చాయి. నెలంతా కురవాల్సింది రెండు పూటల్లో కుమ్మరించి పోతోంది. చూసినకొద్దీ భయం వేసేది. ఎవరితో అన్నా నవ్వుతారని బీరువాకు తాళం వేసి గదికి పోయేవాణ్ణి.

జూలైలో ఎస్తేరు అనే కౌలు రైతు వచ్చింది. ఊరు ఎనిమిది కిలోమీటర్ల దూరం. పత్తి గింజ రెండుసార్లు పెట్టింది, రెండుసార్లూ మాడిపోయింది.

“మాకాడ చుక్క పడలే సార్. మీ కాయితంల మాత్రం వాన పడ్డది,” అంది.

నిజమే. మండలం మొత్తానికి కొలత మా ఆవరణలోదే. ఇక్కడ వాన పడితే ఆమె ఊళ్లోనూ పడ్డట్టే లెక్క, కరువు వచ్చినా జాబితాలో ఆ ఊరి పేరు ఎక్కదు. తమ ఊళ్లోనూ ఒక మాపకం పెట్టమని అడిగింది. గ్రామసభ తీర్మానం తెస్తే పైకి పంపుతానన్నాను. తేవడం ఆమె వల్ల కాదని తెలిసే అన్నాను. గ్రామసభలకు కోరం కాగితం మీదే తప్ప కళ్లారా చూసినవాణ్ణి కాను.

ఆగస్టులో మళ్లీ వచ్చింది. సభకు తానొక్కతే పోయి కూర్చుందట, కోరం లేదని పంచాయతీ కార్యదర్శి వాయిదా వేశాడట.

“వచ్చేపారి మీరొచ్చి గా రిజిస్టర్ల ఉన్నది చదువుండ్రి సార్. వాన పడే దినాలు తక్కువైతున్నయని నేను చెప్తె పిచ్చిదంటుండ్రు.”

అలాంటి ఉత్తర్వులు లేవన్నాను. ఆమె పోబోతూ వెనక్కి తిరిగింది.

“మీకు భయమైతలేదా సార్?”

మాది లెక్కలు రాసే పనే అన్నాను. అబద్ధమాడానని అప్పుడే తెలుసు.

తర్వాతి సంగతి కార్యదర్శి చెప్పాడు. ఆదివారం చర్చిలో వాన కోసం ప్రార్థన అయ్యాక ఆమె లేచి, “దేవునికి చెప్పినం, ఇగ సర్కారుకు సుత చెప్పాలె,” అందట. కొందరు నవ్వారు, కొందరు కదిలారు. వాళ్లను చూసి మిగతా వాడకట్టులవాళ్లూ గ్రామసభకు వచ్చారు. సంతకాలు, వేలిముద్రలతో తీర్మానం నా బల్ల మీదికి చేరింది. పంపించాను.

మరుసటి వానాకాలానికి ఆ ఊరి బడి ఆవరణలో మాపకం పెట్టారు. జనం దాని చుట్టూ మూగారు. నేను జీపు పక్కన ఒంటరిగా నిలబడి ఉంటే ఎస్తేరు నన్ను చూపించి, “గీ సారే తీర్మానం తెమ్మని తొవ్వ చూపిండు,” అని అందరికీ చెప్పింది. తల ఎత్తలేకపోయాను. ఆ తర్వాత ఆమెకు మా ఆఫీసుతో పని పడలేదు.

ఇద్దరిదీ ఒకే భయం. ఆమె దాన్ని ఊరి ముందు పెట్టింది, నేను బీరువాలో పెట్టాను. వర్షపు రిజిస్టరు గ్రామసభలో చదవకూడదని ఏ ఉత్తర్వులోనైనా ఉందేమోనని రిటైరయ్యాక వెతికి చూశాను. ఎక్కడా లేదు.