ఎలుగుబంటి కోసం కొన్న రివాల్వర్

టెక్సాస్‌లోని మా ప్లేనోలో కొండలెక్కడానికి వెళ్ళదలచినవారు బయలుదేరే ముందు నాకు ఫోన్ చేస్తారు. ఎలుగుబంటి ఎదురైతే ఏ తుపాకి మేలని అడుగుతారు. భారత సైన్యంలో ఇరవై రెండేళ్ళు పదాతిదళంలో పనిచేసినవాడిని కనుక నా మాటకు విలువ ఇస్తారు. రెండేళ్ళుగా వారికి నేను చెబుతున్నది సగం నిజం. మిగిలిన సగం ఇక్కడ రాస్తున్నాను. దాన్ని మోసే ఓపిక తగ్గింది.

రెండేళ్ళ క్రితం, సెప్టెంబరు రెండవ వారం. మాంటానా రాష్ట్రపు ఉత్తర కొండల్లోని మా బసకు మధ్యాహ్నం మూడుంపావుకు చేరాము. ఎత్తు ఆరువేల రెండు వందల అడుగులు. తొమ్మిది డిగ్రీల చలి. పడమటి గాలి, సన్నని తుంపర. మేము ముగ్గురం. మ్యాప్ చూసే అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు, ప్లేనోలోనే పుట్టి పెరిగింది. ఆమె తండ్రి నా చిరకాల మిత్రుడు, రిటైరైన డాక్టరు. ప్రథమ చికిత్స ఆయన బాధ్యత. రక్షణ నాది. ఈ పంపకం నేనే చేశాను. చేయమని ఎవరూ అడగలేదు.

ఆయుధం రెండు నెలల ముందే కొన్నాను. దుకాణం పెద్దాయన రెండు తుపాకులు బల్లమీద పెట్టాడు. ఒకటి పది మిల్లీమీటర్ల పిస్టల్: పదిహేను గుళ్ళు, కాల్చినప్పటి కుదుపు భరించదగినది. రెండవది పాయింట్ ఫార్టీఫోర్ మాగ్నం రివాల్వర్: ఆరే గుళ్ళు, కానీ ఒక్కొక్కటి లోతుగా దిగుతుంది, కాల్చినవాడి చేతిని వెనక్కి విసిరేస్తుంది. మీరు దేనితో గురి తప్పకుండా కాల్చగలరో అదే కొనండి అన్నాడాయన. నేను రివాల్వర్ కొన్నాను. సరళమైన యంత్రం, గుండు మధ్యలో ఇరుక్కోదు అని కారణం చెప్పుకొన్నాను. డెబ్బై ఒక్కేళ్ళ వాడినని తేలికది చూపిస్తున్నాడన్న రోషమే అసలు కారణం.

కొన్న రోజే, అభ్యాసంలో, ఏడు గజాల దూరం నుంచి, ఆరు గుళ్ళలో రెండే కాగితానికి తగిలాయి. అవీ గురికి జానెడు కిందికి. కీళ్ళవాతం ఉన్న మణికట్టు కుదుపును ముందే ఊహించి దిగిపోతున్నది. ఆ కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేశాను. ఎవరికీ చెప్పలేదు. ఇలా దాచిన జవానును ఒకప్పుడు నేనే శిక్షించేవాడిని.

రివాల్వర్‌ను తాళం వేసిన పెట్టెలో విమానం సామానులో రానిచ్చారు. ఎలుగుబంట్ల మీద కొట్టే మిరప స్ప్రేను రానివ్వరు. అందుకని దిగిన ఊరిలో అమ్మాయి ఒక దుకాణం ముందు కారు ఆపింది.

"అంకుల్, మీకూ ఒక స్ప్రే తీసుకుంటున్నా."

"నాకక్కర్లేదు. నా దగ్గర ఆయుధం ఉంది."

"బేర్‌కి మీ ర్యాంక్ తెలీదంకుల్."

వెనుక సీటులో డాక్టరు నవ్వాడు. "కొనమ్మా. మేజర్ గారు కాల్చకపోతే సాంబారులోకి పనికొస్తుంది."

ఆమె మూడు కొన్నది. నాది నేను గుడారంలో వదిలేశాను.

రోజూ ఉదయం ఆరు గంటలకు సూచనలు చదివేవాడిని. ఎలుగుబంటి మీదికి వస్తే పరుగెత్తరాదు. నిలబడాలి. తరువాత నడక క్రమం: ముందు మ్యాప్‌తో అమ్మాయి, రెండవ స్థానంలో నేను, నలభై గజాల వెనుక వాకీటాకీతో డాక్టరు. ఇది మా గస్తీ క్రమం. ముందు నడిచే జవాను శత్రువును చూడగానే నేలను కరుచుకుంటాడు. వెనుకవాడు అతని మీదుగా కాలుస్తాడు. ఆ జవానుకు నెలల తరబడి శిక్షణ ఉంటుంది. ఈ అమ్మాయికి లేదు. ఆ తేడా నాకు తోచలేదు.

మూడవ రోజు, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. దారి పక్కనే వాగు. దాని హోరులో మా మాటలు ముందుకు వినిపించవు. ఎడమవైపు నుంచి గాలి. వంపు తిరిగేసరికి అడవిపండ్ల పొదలో గ్రిజ్లీ ఎలుగుబంటి తల ఎత్తింది. ఇరవై గజాలు. ఒక్కసారి బుసకొట్టి మా మీదికి వచ్చింది.

రివాల్వర్ తీసి, కాల్చడానికి దాని సుత్తి వెనక్కి లాగాను. "పడుకో!" అని అరిచాను.

ఆమె పడుకోలేదు. నిలబడింది. నేను ఆమె భుజం మీదుగా కాల్చాలనే నిశ్చయించుకున్నాను. వేలు బిగించాను. కుదుపు వస్తుందని మణికట్టుకు తెలుసు. గురి జానెడు కిందికి దిగింది. అక్కడ ఎలుగుబంటి లేదు. ఆమె వీపున ఉన్న పసుపుపచ్చ సంచి ఉంది.

వేలు ఆగింది. ఎలా ఆగిందో నేటికీ చెప్పలేను.

ఆమె రెండు చేతులతో స్ప్రే కొట్టింది. నారింజరంగు పొగ. ఎలుగుబంటి పక్కకు తిరిగి, వాగు దాటి, చెట్లలోకి వెళ్ళిపోయింది. మాకిద్దరికీ దగ్గు.

వాకీటాకీలో డాక్టరు గొంతు: "మేజర్ గారూ, ఏమిటా అరుపు? ఓవర్."

డాక్టరు వచ్చేసరికి నా చేయి ఇంకా చాచే ఉంది. ఆయన దాన్ని చూశాడు. అందులోని రివాల్వర్ ఎటు చూస్తున్నదో కూడా చూశాడు.

"దించు," అన్నాడు మెల్లగా.

సాయంత్రం బసలో అమ్మాయి అడిగింది. "అంకుల్, పడుకోమన్నారేంటి? మార్నింగ్ నిలబడమన్నారు కదా."

"రెండవ ఆజ్ఞ తప్పు."

"ఇట్స్ ఓకే. నేను ఫస్ట్‌దే ఫాలో అయ్యా." ఆమె నీళ్ళకు వెళ్ళింది.

డాక్టరు నా మణికట్టు పట్టుకుని తిప్పి చూశాడు. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"కొన్న రోజు నుంచి."

"నాకు చెప్తే పోయేదేముందయ్యా?" నా చేయి వదిలాడు. "రేపట్నుంచి ముందు నువ్వు నడు. స్ప్రే పట్టుకుని."

అలాగే నడిచాను, మిగిలిన మూడు రోజులూ. గుళ్ళు తీసేసిన రివాల్వర్ సంచి అడుగున ఉంది.

ప్లేనోకు తిరిగి వచ్చాక ఆ అమ్మాయి అందరికీ చెప్పింది: "అంకుల్ ఎంత కూల్‌గా ఉన్నారో. గన్ చేతిలో ఉండి కూడా ఫైర్ చెయ్యలేదు." ఆ మాట విన్నవారే నాకు ఫోన్ చేస్తున్నారు. నేను తుపాకుల గురించి చెబుతాను. ఆ మాటను మాత్రం ఇంతవరకు ఖండించలేదు.

అడిగినవారికి ఇప్పుడు పూర్తి సమాధానం. ముందు స్ప్రే, అదీ చేతికందే చోట. ఆపైన తుపాకి కావాలంటే, ఎంత శక్తి గలదని కాక, మీ చేయి దేన్ని నిలపగలదో చూసి కొనండి. నిలపలేకపోతే తోటివారికి చెప్పండి. మీ తుపాకి ముందు ఎవరినీ నడిపించకండి.

కళ్ళు మూసుకుంటే ఎలుగుబంటి కనిపించదు. రివాల్వర్ గొట్టం చివరి గురికొన మీద పసుపు సంచి కనిపిస్తుంది. దాని జిప్పుకు వేలాడే చిన్న గంటతో సహా.

ఆ అమ్మాయికి తెలుగు చదవడం రాదు. వాళ్ళ నాన్న ఇది చదివి వినిపిస్తానన్నాడు. గజాలూ వేళలూ నా నోటుపుస్తకంలోవి. ఆ దారులు తెలిసినవారు పొరపాటుంటే దిద్దండి. తక్కినది దిద్దవలసినది ఆమె. నాకు కనిపించింది ఆమె వీపు ఒక్కటే.