మగ్గం మీద రెండు దెబ్బలు

మా ఇంటి కింది కార్ఖానాలో ఎవరో మగ్గాన్ని రెండుసార్లు తట్టారు. కరెంటు లేని మధ్యాహ్నం. మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. తాళంచెవి నా కొంగుకే ఉంది. నాకు మొదట భయం వేసింది అప్పుడే.

దెయ్యాలంటే నవ్వేదాన్ని. బీఎస్సీ చదివాను. పిల్లలకు అలాంటి కథలు ఎవరినీ చెప్పనిచ్చేదాన్ని కాదు.

పోగు తెగితే మగ్గం ఆపి, చేత్తో రెండుసార్లు తట్టి, అప్పుడు ముడి వేసేవారు మా మామయ్య. ఆయన పోయి మూడేళ్లు. మేముండే నవాగామ్‌లో ఇంకెవరూ అలా తట్టగా నేను వినలేదు.

చిక్కుడుకాయలు తుంచుతున్న అత్తమ్మ తలెత్తింది. "అట్ల తట్టి పోగు తెగిందంటుండే మీ మామ. జర చూసి రాపో."

వెళ్లి చూశాను. వేసిన తాళం వేసినట్టే ఉంది. లోపల ఒక్క పోగూ తెగలేదు. పైకి వచ్చేసరికి అత్తమ్మ రెండు చేతులతో తల పట్టుకుని కూర్చుంది. పది రోజులుగా నొప్పట. ఎవరికీ చెప్పలేదు.

స్కానింగ్‌లో మెదడు రక్తనాళం ఒకచోట బుడగలా ఉబ్బిందని తేలింది. చిన్నదే, ఆర్నెల్లు ఆగి చూడొచ్చన్నారు డాక్టరు. హజీరా ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్న మా ఆయన ఫోన్లోనే ఊపిరి పీల్చుకున్నాడు. నాకు మాత్రం కాలు నిలవలేదు. దెబ్బల సంగతి చెప్పడానికి సిగ్గేసి, "ఇంకోసారి చూడండి సార్" అని మాత్రం బతిమాలాను.

ఈసారి రక్తం ఎలా పారుతోందో చూశారు. తెర మీద రంగుల్లో కనిపించింది. సన్నటి ధార ఒకటి బుడగలోకి దూరి, గోడను ఒకేచోట మళ్లీ మళ్లీ కొడుతోంది. డాక్టరు ఆ చోట వేలు పెట్టి చూపించారు. తర్వాత, "ఆగొద్దమ్మా" అన్నారు.

నాళంలో పెట్టే సన్నటి జాలీ గొట్టం నమూనా చూపిస్తే అత్తమ్మ వేళ్ల మధ్య తిప్పి చూసింది. "నేత మంచిగుంది. ఏ ఊర్ల నేసిన్రు?"

ఆపరేషన్ రోజు వరండాలో ఒక్కదాన్నే కూర్చున్నాను. పక్క ఇనుప కుర్చీ మీద రెండు దెబ్బలు. ఎవరూ లేరు. కాసేపటికి డాక్టరు బయటికొచ్చి, జాలీ కుదిరిందని, బుడగలోకి వెళ్లే రక్తం నెమ్మదించిందని చెప్పారు.

నీళ్ల పైపు చప్పుడేమో అంటాడు మా ఆయన. ఇంట్లో అయ్యుండొచ్చు. ఆసుపత్రి కుర్చీలో ఏ పైపు ఉంది? నాకు ఇప్పటికీ తెలియదు. పిల్లలు పడుకున్నాక ఇది రాస్తున్నాను, ఒక చెవి కిందే ఉంది.

ఆపరేషన్ మర్నాడు పొద్దున పిల్లలు నానమ్మ గురించి అడిగితే, బాగుందని చెప్పి ఊరుకుందామనుకున్నాను. ఊరుకోలేకపోయాను.

"కింద మగ్గం మీద రెండు దెబ్బలు వినిపిస్తే భయపడకండి. పరుగెత్తుకొచ్చి నాకు చెప్పండి" అన్నాను.